నిండుకుంది అంటే అయిపోయిందని

మా నాయనమ్మ వంటింట్లో, పొయ్యి పక్క గూట్లో ఒక ఇత్తడి డబ్బా ఉండేది. కందిపప్పు డబ్బా. మూత గట్టిగా పట్టేసి ఉండేది, తీస్తే కిర్రుమనేది. నాకప్పుడు ఆరేళ్ళో ఏడేళ్ళో. ఒకరోజు పొద్దున్నే నాయనమ్మ ఆ డబ్బాలో సోల పెట్టి అడుగంటా గీకి, "అమ్మడూ, తాతయ్య తెనాలి వెళ్తున్నారు. కందిపప్పు నిండుకుందని చెప్పిరా" అంది. నేను ఒక్క పరుగున వెళ్ళి, అరుగు మీద చెప్పులు వేసుకుంటున్న తాతయ్యతో "తాతయ్యా, పప్పు డబ్బా నిండుగా ఉందంట" అని చెప్పాను. "మంచిదేగా" అని ఆయన వెళ్ళిపోయారు. సాయంత్రం సంచిలోంచి బెల్లం, చింతపండు, అగ్గిపెట్టెలు వచ్చాయి. పప్పు రాలేదు.

నాయనమ్మ కోప్పడలేదు. నన్ను దగ్గరికి పిలిచి, డబ్బా వంచి చూపించింది. అడుగున నాలుగు బద్దలు, కాస్త పొడి.

"నిండుకుంది అంటే అయిపోయిందని తల్లీ."

"మరి అయిపోయిందనే చెప్పొచ్చుగా?"

"ఇంట్లో అలా అనకూడదు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు."

మాటకు అర్థం ఒక్కటే ఉండదని నాకు మొదటిసారి తెలిసింది ఆ డబ్బా అడుగునే. ఆ తర్వాత చెవులు రిక్కించుకుని వినడం మొదలుపెట్టాను. మా ఇంట్లో దీపం ఆరేది కాదు, కొండెక్కేది. నల్లపూసలు తెగేవి కావు, పెరిగేవి. గడ్డివాము దగ్గర పాము కనిపిస్తే పురుగు అనేవాళ్ళు. గడప దాటేవాళ్ళెవరూ "వెళ్తాను" అనేవాళ్ళు కాదు, "వెళ్ళొస్తాను" అనేవాళ్ళు. పొరపాటున నేను "వెళ్తున్నా" అంటే నాయనమ్మ గుమ్మం దాకా వచ్చి "వెళ్ళొస్తా అనాలి" అనేది. నేను అన్నాకే లోపలికి వెళ్ళేది.

హైస్కూల్లో వ్యాకరణం మొదలైంది. తెలుగు మాస్టారు లోపలికి రాగానే మేం లేచి నిలబడి విభక్తులు అందుకోవాలి. "డు ము వు లు ప్రథమా విభక్తి. నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి. చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయా విభక్తి..." అందరం ఒక్క గొంతుతో, తలలూపుతూ చదివేవాళ్ళం. "ఓ ఓయీ ఓరీ ఓసీ" దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీల వాళ్ళు కావాలని గొంతు పెంచేవాళ్ళు. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలను. అప్పుడు మాత్రం ఆ మాటలకూ మా ఇంటి మాటలకూ ఏ సంబంధం ఉన్నట్టు తోచేది కాదు. కొఱకున్, కై, పట్టి... ఇవన్నీ పుస్తకంలో బతికే వస్తువులు. మా అమ్మ నాన్న చెప్పుల్ని "నాన్న యొక్క చెప్పులు" అనగా నేనెప్పుడూ వినలేదు. నాన్న చెప్పులు, అంతే.

1983లో నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అదే మాట మాస్టార్ని అడిగాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. చిన్నప్పటి నుంచి నాకు చాలామంది చదువు చెప్పారు గానీ, ప్రశ్న అడిగితే మొహం వెలిగిన మనిషి ఆయనొక్కరే.

"సరే, నోరు, లో. ఈ రెండూ కలిపి చెప్పు" అన్నారు.

"నోట్లో."

"నోరులో అని ఎందుకనలేదు? ఇల్లు, లో?"

"ఇంట్లో."

"కన్ను, లో?"

"కంట్లో."

"ఊరు, కి?"

"ఊరికి."

"ఊరికి అన్నప్పుడు టి రాలేదు, నోటికి అన్నప్పుడు వచ్చింది. ఎక్కడ రావాలో ఎక్కడ రాకూడదో నీకెవరు నేర్పారు?"

ఎవరూ నేర్పలేదు. మా తమ్ముడికి మూడేళ్ళప్పుడు "నోరులో పెట్టు" అనేవాడు. నాయనమ్మ "నోట్లో నాన్నా" అంటూ ముద్ద పెట్టేది. కొన్నాళ్ళకు వాడే "నోట్లో" అనడం మొదలుపెట్టాడు. మాస్టారు బోర్డు మీద ఇ, టి, తి అని మూడు అక్షరాలు రాసి, వీటిని ఔపవిభక్తికాలు అంటారు, ఊరి, ఇంటి, చేతి అన్నప్పుడు వచ్చేవి ఇవే అని చెప్పారు. ఆ పేరు నోరు తిరగనిదే. కానీ ఆ పేరున్న వస్తువు మాకు అన్నం ముద్దతో పాటు లోపలికి వెళ్ళింది.

ఆ రోజు నుంచి సూత్రాలు నాకు వేరేగా వినపడ్డాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది 1858లో. ఆయన మద్రాసులో పిల్లలకు చదువు చెప్పిన పండితుడు. ఆ గ్రాంథికం చూసి మేం జడుసుకునేవాళ్ళం. "ద్వంద్వంబునం బదంబుపయి పరుషములకు గసడదవలగు." ఈ ముక్క కంఠస్థం చెయ్యడానికి నాకు రెండు రోజులు పట్టింది. మాస్టారు దాన్ని విప్పిన తీరు మాత్రం నాకు నలభై ఏళ్ళు గుర్తుండిపోయింది. సంత నుంచి వస్తూ వచ్చారో ఏమో, ఆ రోజు ఆయన చేతి సంచిలో వంకాయలున్నాయి. సంచి బల్ల మీద పెట్టి "ఇందులో ఏమున్నాయి?" అన్నారు.

"కూరగాయలు మాస్టారూ."

"కూర ఉంది, కాయ ఉంది. కూరకాయలు అనాలిగా? క పోయి గ ఎందుకొచ్చింది? అన్న, తమ్ముడు. కలిపితే అన్నదమ్ములు. తల్లి, తండ్రి. కలిపితే తల్లిదండ్రులు. తమ్ముడిలో త ఏమైంది? తండ్రిలో త ఏమైంది?"

తరగతంతా నిశ్శబ్దం. క చ ట త ప లు పరుషాలు, గట్టిగా పలికేవి. రెండు మాటలు జంటగా కలిసినప్పుడు రెండో మాట మొదట్లో ఉన్న ఆ గట్టిదనం కాస్త మెత్తబడి గ స డ ద వ లు అవుతుంది. "విడివిడిగా ఉన్నప్పుడు గట్టిగా ఉంటారు, జంట కట్టాక మెత్తబడతారు. సూరి గారు పుట్టించిన నియమం కాదిది. మీ అమ్మలు సంతలో బేరమాడుతూ పాటిస్తున్న నియమం. ఆయన విన్నారు, పేరు పెట్టారు" అన్నారు మాస్టారు.

మా ఊళ్ళో ఏ పండితుడూ లేడు. కానీ ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక, తోటకూర కట్టలు అమ్మే ఆవిడ "కూరగాయలమ్మా" అని కేక వేస్తుంటే, ఆమె గొంతులో సూత్రం వినిపించింది నాకు.

చిన్నయసూరినీ గిడుగు రామమూర్తి గారినీ ఇద్దర్నీ అంతే గౌరవంగా తలుచుకునేవారు మాస్టారు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి గిడుగు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారు. పండితులేమో సూరి గారి పక్షం, వాడుకవాళ్ళేమో గిడుగు పక్షం అని లోకంలో చీలిక. మా మాస్టారికి ఆ చీలిక లేదు. ఇద్దరూ చెవి ఉన్నవాళ్ళు అనేవారు. నాకూ ఇప్పటికీ ఆ మాటే సరైనదనిపిస్తుంది.

ఒకసారి మా బెంచీలో కూర్చునే అమ్మాయి లేచి "రాముడు వచ్చాడు, ఆవు వచ్చింది, సీత వచ్చింది. మేమూ ఆవూ ఒకటేనా మాస్టారూ?" అంది. ఆడపిల్లలందరం ఆయన మొహం వైపు చూశాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పది మంది ఆడవాళ్ళు వస్తే వచ్చారు అంటాం, పది ఆవులు వస్తే వచ్చాయి అంటాం. బహువచనంలో మీరు మనుషులతోనే ఉన్నారు. ఏకవచనంలో ఇలా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే వ్యాకరణం పని. ఎందుకిలా వచ్చిందో చెప్పే శాస్త్రం వేరే ఉంది, పెద్దయ్యాక చదువుకోండి" అన్నారు. ఆ జవాబు మాకు చాల్లేదు. అయినా తెలియనిదాన్ని కప్పిపుచ్చకుండా ముందుకు దారి చూపించారన్న గౌరవం మిగిలింది.

పెద్దయ్యాక ఆ శాస్త్రం కొంచెం చదివాను. తమిళంలో వందాళ్, కన్నడంలో బందళు అని ఆడవాళ్ళకు క్రియలో వేరే చివర ఉంది. తెలుగులో లేదు, గోండీలో లేదు. అక్కచెల్లెళ్ళలాంటి భాషలే, ఇంటి కట్టుబాట్లు మాత్రం వేరు. ఇది మొదట అర్థమైన రోజు మా బెంచీ అమ్మాయికి చెప్పాలని ఎంతగా అనిపించిందో.

అనిపించడం అంటే గుర్తొచ్చింది. క్రియల చివర తగిలే "కొను" గురించి మాస్టారు చెప్పిన పాఠం నాకు అన్నిటికంటే ఇష్టం. వండడం ఎవరికోసమైనా కావచ్చు, వండుకోవడం తనకోసం. చెప్పడం ఎదుటివాళ్ళకు, చెప్పుకోవడం మన గోడు. కొను తగిలితే చేసిన పని తిరిగి చేసినవాళ్ళ దగ్గరికి వస్తుంది. "మరి అనడానికి కొను తగిలిస్తే?" అని అడిగారు మాస్టారు. అనుకోవడం. పైకి అంటే అనడం, లోపల తనతో తాను అంటే అనుకోవడం. ఆలోచించడమంటే తనతో తాను మాట్లాడుకోవడమేనని మన భాష ఎంత చిన్న ముక్కతో చెప్పేసిందో చూడండి. ఆ రోజు నేను చెయ్యెత్తి "నిండుకోవడం" అని అడిగాను. పప్పు డబ్బా కథంతా చెప్పాను. ఆయన ఎంతో సంతోషపడ్డారు. "ఇక్కడ కొనుతో పని జరగలేదమ్మా. ఇక్కడ భయం పని చేసింది. వ్యాకరణం ఆగిపోయిన చోటు నుంచి మీ నాయనమ్మ నడిపించింది" అన్నారు.

డిగ్రీలో తెలుగు స్పెషల్ తీసుకున్నాను. అర్థవిపరిణామం అనే పాఠం వచ్చింది. కోక అంటే ఒకప్పుడు ఏ బట్టైనా, ఇప్పుడు చీర ఒక్కటే. అది అర్థసంకోచం. నూనె అంటే మొదట నువ్వులది మాత్రమే, నూ లో ఉన్నది నువ్వే, నె లో ఉన్నది నెయ్యే. ఇప్పుడు కొబ్బరిదీ నూనే, వేరుశనగదీ నూనే. అది అర్థవ్యాకోచం. కంపు అంటే ఒకప్పుడు వాసన, మంచి వాసన కూడా. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. మన దగ్గర ముక్కు మూసుకునే మాటైంది. దీపం కొండెక్కడం, కాలం చెయ్యడం లాంటివాటికి మృదూక్తి, సభ్యోక్తి అని పేర్లున్నాయి. ఆ పేర్లు నోట్సులో రాసుకుంటుంటే నాకు వెంటనే ఇత్తడి మూత కిర్రుమన్న చప్పుడు గుర్తొచ్చింది. పుస్తకం ఈ మాటలకు వరసగా నంబర్లేసి పెట్టింది. నాయనమ్మ వాటిని ఇంటికి కాపలా పెట్టింది.

పెళ్ళై వరంగల్ దగ్గర పల్లెకు వెళ్ళాను, 1992లో. అత్తమ్మ వంటింట్లో మొదటి వారం ఒక పొద్దున "చింతపండు ఒడిసింది బిడ్డా" అన్నారు. మా వైపు ఒడిసి పట్టడమంటే చటుక్కున పట్టుకోవడం. చింతపండును ఎవరు పట్టుకున్నారో తెలియక చుట్టూ చూశాను. ఆమె జాడీ తెచ్చి, వంచి, అడుగు చూపించారు. అచ్చం నాయనమ్మ చూపించినట్టే. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుట్టింటి మీద బెంగ పెట్టుకున్నానని ఆమె అనుకున్నారు, నా వీపు నిమిరారు. అదీ నిజమే.

ఆ ఇంట్లోనే నాకు అరసున్న వినపడింది. ఈ ముక్క కొంచెం వివరంగా చెప్పాలి. మా మాస్టారు పాత పద్యాలు బోర్డు మీద రాసేటప్పుడు వాఁడు, ఏఁడు అని సగం సున్న పెట్టేవారు. ఏడు అంటే అంకె, ఏఁడు అంటే సంవత్సరం అని తేడా చెప్పేవారు. "ఒకప్పుడు ఇక్కడ ముక్కుతో పలికిన ధ్వని ఉండేది. ధ్వని పోయింది, గుర్తు మిగిలింది" అనేవారు. మాకు అదొక అలంకారంలా ఉండేది, పరీక్షల్లో ఎవరూ పెట్టేవాళ్ళం కాదు. వరంగల్ పల్లెలో ఒక సాయంత్రం అత్తమ్మ వాకిట్లో నిలబడి "మీ మామ వచ్చిండా? ఇరవై ఏండ్ల సంది చెప్తున్న, చీకటి పడకముందే రమ్మని" అన్నారు. వచ్చిండు. ఏండ్లు. మా వైపు వచ్చాడు, ఏళ్ళు. మేం పోగొట్టుకున్న సున్న అక్కడ నిండుగా ఉంది. పుస్తకంలో సగానికి చిక్కిపోయి కనిపించిన గుర్తు, ఆమె నోట్లో పూర్తి ధ్వనిగా మోగుతోంది. ఆ భాషను తక్కువగా చూసే మాటలు మా వైపు బంధువుల నోట నేను చాలా విన్నాను. ఆ రోజు తర్వాత అలాంటి మాట ఎక్కడ విన్నా ఊరుకోలేదు.

వెంటనే మాస్టారికి ఇన్‌ల్యాండ్ లెటర్ రాశాను. పోస్టు కార్డు మీద జవాబు వచ్చింది, చీమల బారు లాంటి ఆయన దస్తూరీతో. విన్న ప్రతి మాటా రాసి పెట్టుకో, ఏ పని చేస్తూ అన్నారో కూడా రాయి అని. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల దగ్గరకు వెళ్ళి వ్యవసాయం మాటలన్నీ జిల్లాల వారీగా సేకరించి 1962లో పదకోశం తెచ్చారని, దొరికితే చూడమని కూడా రాశారు. చూశాను. నాగలికి ఉన్న ఒక్కో భాగానికీ ఊరూరా ఉన్న పేర్లు చూస్తూ లైబ్రరీ మూసేదాకా కూర్చున్నాను. నా నోట్‌బుక్కు మాత్రం మామూలుదే. పుంటికూర, ఎల్లిపాయ, సల్ల అంటూ మొదలైంది. పక్కన అత్తమ్మ ఆ మాట అన్నప్పుడు ఏం చేస్తున్నారో రాసి ఉంటుంది.

ఒక సంగతి చెప్పకుండా దాటేశాను. దానికి మళ్ళీ తొమ్మిదో తరగతికి వెళ్ళాలి. సర్వనామాల పాఠంలో మాస్టారు "మేము, మనము, తేడా ఏమిటి?" అని అడిగారు. మాకు తెలుసు, చెప్పడం మాత్రం రాలేదు. "వింటున్న మనిషి మనంలో ఉంటాడు, మేములో ఉండడు. మేం సినిమాకి వెళ్తున్నాం అంటే నువ్వు ఇంట్లోనే. మనం వెళ్దాం అంటే నువ్వూ చెప్పులేసుకోవచ్చు. ఇంగ్లీషు వాళ్ళకు రెంటికీ ఒకటే మాట, హిందీ వాళ్ళకూ ఒకటే. ఇంకోటి చూడండి. వెళ్దాం, చేద్దాం, తిందాం. ఈ దాం మనంతోనే వస్తుంది. మేము చేద్దాం అని ఎవరైనా అంటారా?" ఎవరూ అనరు. పిల్లలందరం నవ్వుకుంటూ మేము తిందాం, మేము వెళ్దాం అని అని చూశాం. నోటికి అడ్డం పడింది.

తాతయ్య పోయాక, 1987లో నాన్నా బాబాయీ వేరుపడ్డారు. గొడవలు పెద్దగా లేవు. పెద్దమనుషులు వచ్చారు, కాగితాలు రాశారు, దొడ్డి మధ్యలో నడుమెత్తు గోడ లేచింది. బావి గోడ కిందకే వచ్చింది, అటు సగం ఇటు సగం. సంక్రాంతికి ఇంటికి వచ్చిన నాకు గోడ కంటే ముందు మాట తగిలింది. పిన్ని ఎవరితోనో "మా దొడ్లో బంతిపూలు" అంటోంది. అమ్మ నాతో "వాళ్ళ వైపు ముగ్గు వెయ్యకు" అంది. అప్పటిదాకా మా ఇంట్లో అందరి నోటా మన దొడ్డి, మన బావి, మన మామిడిచెట్టు. నెల తిరక్కుండా మన పోయి మా వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పి మార్చుకున్నది కాదు. నోరే మార్చుకుంది. ఆ రాత్రి మంచం మీద పడుకుని మాస్టారి పాఠం తలుచుకున్నాను. వింటున్న మనిషి మేములో ఉండడు. అన్నీ పంచుకున్నా అంత బాధ కలగలేదు గానీ, ఆ ఒక్క సర్వనామం మారినందుకు ఏడ్చాను.

మారనిది నాయనమ్మ ఒక్కతే. ఆమె ఒక నెల ఇటు, ఒక నెల అటు ఉండేది. ఇటున్నా అటున్నా మన బావి నీళ్ళు, మన చెట్టు కాయలు. అటు వెళ్ళినప్పుడు పప్పు డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళేది, వచ్చేటప్పుడు మళ్ళీ తెచ్చుకునేది. గోడకు రెండు వైపులా ఉన్నవాళ్ళతో మన అనగలిగిన నోరు ఆ ఇంట్లో అదొక్కటే ఉండిపోయింది, పన్నెండేళ్ళు.

1999 వేసవిలో నాయనమ్మ కాలం చేసింది. నేను వరంగల్ నుంచి వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పెద్దకర్మ మర్నాడు చుట్టాలు వెళ్ళిపోయాక దొడ్లో నాన్న ఒక్కరే బావి గట్టు మీద కూర్చుని ఉన్నారు. నేను వంటింటి గుమ్మంలో గిన్నెలు సర్దుతున్నాను. బాబాయి అటు వైపు నుంచి వచ్చి గోడ మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. బాబాయి బావిలోకి వంగి చూశాడు.

"అన్నయ్యా, మన బావిలో బాగా పూడిక పడింది."

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నాన్న కూడా బావిలోకి చూశారు.

"వానలు పడకముందే తీయిద్దాం" అన్నారు.